‘ఎంత’ దాకా వచ్చి ఆగే పాట

“...అదే నేనూ అడుగుతున్నా! నేను తప్పు పాడితే నన్ను ఆపు, పాటనెందుకు ఆపుతావురా?”

“నువ్వు పాటలోనే ఉన్నావు కదా. నిన్నొక్కణ్ణే దింపెయ్యడానికి ఇదేమన్నా బస్సా?”

“బస్సయితే ఈపాటికి ఊరు చేరేవాళ్ళం!”

నేను మెట్లెక్కి హాలు తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి వినిపించిన మాటలివి. మొదటి గొంతు పన్నుల శాఖలో పెద్ద అధికారిగా చేసి రిటైరైన ఆయనది. మా పాటల బృందంలో అందరూ ఆయన్ని పన్నులాయన అనే అంటారు. రెండో గొంతు మా బావది, అంటే మా అక్క మొగుడిది. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు కాబట్టి, జుట్టు తెల్లబడ్డా ఊడినా, ఒరేయ్ అనే పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

మా బావ గురించి తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆయన ఏ పాటనూ చివరిదాకా వెళ్ళనివ్వడు. మిగతా అన్ని విధాలా మంచివాడు. సిగరెట్టు కాల్చడు, ఎవరింటికీ చెప్పకుండా వెళ్ళడు, తన జబ్బుల గురించి మాట్లాడడు. పాట విషయంలో మాత్రం ఆయన తీరు వేరు. అది మొదలవుతుంది, ఊపందుకుంటుంది, పాడేవాళ్ళ మొహాల్లో కాస్త ఆశ కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు ఆయన కుడిచేతిలోని ఎర్ర చేతిరుమాలు తలకంటే ఎత్తుకి లేస్తుంది.

“ఆపండి. మళ్ళీ మొదటి నుంచి.”

ఆయన ఉద్యోగమంతా రైల్వేలో, సిగ్నళ్ళ విభాగంలో సాగింది. జీవితమంతా రైళ్ళను ఆపిన మనిషి. రిటైరయ్యాక ఆపడానికి ఏమీ దొరక్క, కొన్నాళ్ళు ఇంట్లో మా అక్కను ఆపాలని చూశాడు. మా అక్క ఆగే రకం కాదు. ఆ చేతిరుమాళ్ళు కూడా అక్క కొన్నవే. మాసినా తెలియదని అరడజను ఎర్రవి కొని పెట్టింది. అవి ఇలా పనికొస్తాయని తెలిస్తే తెల్లవే కొనేదాన్నని ఇప్పుడంటుంది.

ఇక నేను పళ్ళ డాక్టర్ని. ఉద్యోగం మానేశాను గానీ చూపు మానలేదు. చిన్నప్పుడు మా నాన్న పట్టుపట్టి పియానో నేర్పించాడు. ఆ పాపం అరవయ్యో ఏట పండి, ఈ బృందానికి నేను పియానో వాయించేవాణ్ణయ్యాను. ఆ పియానో యూనివర్సిటీ వాళ్ళది. దానికి ఎడమచేతి వైపు ఒక మీట చచ్చిపోయింది. నొక్కితే లోపలికి వెళ్తుంది గానీ పలకదు. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో నోరు మూసేసుకున్నట్టు ఉంటుంది. నా ఎదురుగా పాతికమంది నోళ్ళు తెరుచుకుని నిలబడతారు. ఎవరివి సొంత పళ్ళో ఎవరివి కట్టించుకున్నవో నాకు కూర్చున్నచోటి నుంచే తెలిసిపోతుంది. వారానికొకసారి అన్ని నోళ్ళు చూసీ ఒక్కదాన్నీ బాగుచేయలేకపోవడం చాలా అలసటగా ఉంటుంది.

అసలిదంతా మొదలైంది పూర్వ విద్యార్థుల విందులో. చివర్లో అందరూ లేచి యూనివర్సిటీ పాట అందుకున్నారు. మొదటి పాదం పైకప్పు ఎగిరిపోయేలా పాడారు. రెండో పాదానికి సగం గొంతులు తగ్గాయి. మూడో పాదానికి పెదవులు మాత్రం కదిలాయి. ఆ తర్వాత అందరికీ ఒక్కసారే దగ్గొచ్చింది, ఎవరో చప్పట్లు కొట్టి అందరి పరువూ కాపాడారు.

ఇంటికి వెళ్తూ మా బావ దారంతా రుసరుసలాడాడు.

“చదువుకున్న చోటు పాట చివర్న ఏముందో ఒక్కడికీ తెలీదు! సిగ్గుండక్కర్లేదూ?”

“నీకు తెలుసా బావా?”

“నాకూ తెలీదు. అందుకే సిగ్గంటున్నా.”

మర్నాడే బోర్డు రాశాడు. అరవై దాటిన పూర్వ విద్యార్థులకు పాటల బృందం, ప్రతి గురువారం సాయంత్రం, గొంతు పరీక్ష ఉండదు, ఊపిరి ఉంటే చాలు. ఆ చివరి మాట బాగాలేదనీ, ఆసుపత్రి గుమ్మంలో పెట్టే బోర్డులా ఉందనీ నేనన్నాను. ఉన్నమాటేగా అన్నాడు. బోర్డు అలాగే వెళ్ళి పూర్వ విద్యార్థుల సంఘం ఆఫీసు గోడ ఎక్కింది.

వచ్చినవాళ్ళలో పాడాలని వచ్చినవాళ్ళు తక్కువ. ఒకాయన్ని చెవుల డాక్టరు పంపాడు. ఒకావిడ పక్క హాలులో కుట్టుపని క్లాసనుకుని వచ్చి, మొహమాటానికి ఉండిపోయింది. పన్నులాయన్ని భార్య పంపింది. నిజంగా పాడటం వచ్చినవాళ్ళు ఒక్కరే ఉన్నారు. ఆవిడ భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అందరికీ రాళ్ళ మేడం. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీలో ఏ సభ జరిగినా వేదికెక్కి ఈ పాట పాడింది ఆవిడేనట. కానీ కొన్నేళ్ళ కిందట ఆపరేషన్ చేసి ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేశారు. గొంతు పరీక్ష పెట్టి ఉంటే మిగిలేది రాళ్ళ మేడం ఒక్కరే. ఊపిరి పరీక్ష పెట్టి ఉంటే మిగలనిది కూడా ఆవిడ ఒక్కరే.

మొదటి గురువారం ఆవిడ తలుపు దగ్గరే నిలబడి, మెట్లెక్కిన ఆయాసం తీర్చుకున్నాక అన్నారు, “ఊపిరి ఉంటే చాలన్నారు. ఎంత ఉండాలో రాయలేదు.”

“మెట్లెక్కి వచ్చారుగా,” అన్నాడు బావ. “అంత చాలు. ముందు వరుసలోకి రండి.”

పాట చిన్నదే. రెండు చరణాలు.

తలుపు తెరిచి పిలిచినావు, 
వెలుగు చేతికిచ్చినావు, 
ఎంత దూరం పోయినా 
నిన్ను మరిచిపోము.

చదివితే ఏమీ లేదు గానీ, ఆ మూడో పాదంలో ‘ఎంత’ అయ్యాక ‘దూరం’ అనే మాటలో ‘దూ’ని అలా పైస్థాయిలో పట్టుకుని చాలాసేపు నిలబెట్టాలి. ఈ పాట కట్టిన మహానుభావుడికి పాతికేళ్ళు దాటి ఉండవు.

ఆ మొదటిరోజు పాట సాఫీగా సాగింది. ‘దూ’ దగ్గర రాళ్ళ మేడం గొంతు సగంలో తెగి, దగ్గు వచ్చింది. ఆవిడ మంచినీళ్ళ సీసా తీసుకుని వరండాలోకి వెళ్ళారు. వెనకే బావ వెళ్ళాడు. కాసేపటికి ఇద్దరూ తిరిగి వచ్చారు. వస్తూనే బావ తిన్నగా పియానో దగ్గరికి వచ్చాడు.

“తప్పు వాయిస్తే ఎలా? అందరి గొంతులూ తడబడ్డాయి.”

“నేనా? నేనేం తప్పు వాయించాను?”

“ఏం తప్పో నాకెలా తెలుస్తుంది? వాయించింది నువ్వు. మళ్ళీ మొదటి నుంచి.”

ఆ రోజు నుంచి పాట ‘ఎంత’ దాటలేదు. పన్నులాయన ముందే అందుకున్నాడని ఒక వారం, వెనక వరుసలో ఎవరివో చెప్పులు కిర్రుమన్నాయని ఒక వారం, కిటికీలోంచి మోటారుసైకిలు మోత వచ్చిందని ఒక వారం. ఏ కారణం దొరక్కపోతే నేనుండనే ఉన్నాను. “పియానో! మళ్ళీ తప్పావు.” ఆయన నన్ను బావమరిదీ అని పిలవడం కూడా మానేశాడు. పియానో అనే పిలిచేవాడు. ఒకసారి మా ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడతో “పియానో ఉన్నాడా?” అన్నాడు.

కారణం ఏదైనా చెయ్యి లేచే చోటు మాత్రం ఒకటే. తలుపు తెరిచి పిలిచినావు, వెలుగు చేతికిచ్చినావు, ఎంత... ఆపండి. మెట్ల కింద కూర్చునే వాచ్‌మన్ ఒకరోజు నన్ను పట్టుకుని అడిగాడు, “సార్, పైన మీరేమన్నా అమ్ముతున్నారా? ఎప్పుడు విన్నా ఎంత, ఎంత అనే వినపడుతుంది.”

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, వారం వారం ఆ పియానో ముందు బల్ల మీద కూర్చునేవాడికి తెలుస్తుంది. హాలు నిండా నేల తుడిచే మందు వాసన. మడత కుర్చీలు మేమే వేసుకోవాలి, మేమే తీసి గోడకి ఆనించాలి. టీ ఫ్లాస్కులో వస్తుంది, ఫ్లాస్కు వాసనే వేస్తుంది. ఒకే పాట, అందులోనూ మొదటి చరణం, అందులోనూ రెండున్నర పాదాలు. నా భుజాలు గురువారం మధ్యాహ్నం నుంచే నొప్పి మొదలెట్టేవి. పాట చివర ఏముందో తెలియదని పెట్టిన బృందం, ఏడాది తిరిగినా పాట చివరకి పోలేదు.

అక్క దగ్గర మొర పెట్టుకున్నాను.

“అక్కా, వచ్చే వారం నుంచి నేను రానని మీ ఆయనతో చెప్పు.”

“నువ్వే చెప్పుకోరా.”

“చెప్పనిస్తేగా. సగంలో ఆపేస్తాడు.”

“పెళ్ళైన దగ్గర్నుంచీ నాకూ అంతే. నేను వెళ్ళిపోయానా?”

“నీకంటే పెళ్ళయింది.”

“నీకంటే చుట్టరికం ఉంది. వెళ్ళి వాయించు.”

ఏడాది గడిచాక సంఘం సెక్రటరీ వచ్చాడు. మాకంటే బాగా చిన్నవాడు, యాభై కూడా నిండి ఉండవు. తెల్ల బూట్లు వేసుకుని టేబుల్ టెన్నిస్ ఆడతాడు. ఆ ఆటగాళ్ళకి వారంలో ఒక సాయంత్రమే హాలు దొరుకుతోంది. రెండోది కావాలి. మనిషి మర్యాదస్తుడే. కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం సాధన విన్నాడు. అంటే ‘ఎంత’ని ఏడెనిమిదిసార్లు విన్నాడు.

“సర్, ఏడాదైంది. మీరు ఒక్క పాటైనా పూర్తిగా పాడారా?”

“పూర్తవడం ముఖ్యం కాదు,” అన్నాడు బావ.

“మరి?”

“సరిగ్గా మొదలవడం ముఖ్యం.”

“సర్, ఏడాది నుంచి మొదలవుతూనే ఉంది కదా సర్.”

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. సెక్రటరీ లేచి నిలబడి, నొప్పించకుండా చెప్పాలని చూస్తూ చెప్పాడు. వచ్చే నెల వార్షిక సమావేశంలో ఈ బృందం యూనివర్సిటీ పాట మొదలు నుంచి చివరిదాకా పాడాలి. పాడితే గురువారం వీళ్ళదే. లేకపోతే గురువారం సాయంత్రం టేబుల్ టెన్నిస్ వాళ్ళకి వెళ్తుంది. ఇది కమిటీ మాట.

అతను వెళ్ళాక మొదట పన్నులాయనే నోరు తెరిచాడు.

“గురువారం నేనుండనని మా ఆవిడ తన స్నేహితురాళ్ళని ఇంటికి పిలుచుకుంటోంది. ఇప్పుడు ఉంటానంటే నన్నెక్కడ కూచోపెడుతుందిరా?”

“టేబుల్ టెన్నిస్‌లో చేరు.”

“బంతి కింద పడితే ఎవడు వంగుతాడు?”

అందరూ నవ్వారు గానీ అది నవ్వుకునే మాటలా లేదు. చెవుల డాక్టరు పంపిన ఆయన తన హియరింగ్ ఎయిడ్ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. కుట్టుపని ఆవిడ సంచీలోంచి అల్లిక తీసి ఒక్క పోగూ అల్లకుండా మళ్ళీ లోపల పెట్టేసింది. రాళ్ళ మేడం పాట కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, “ఇది కూడా లేకపోతే నాకు ఎక్కడానికి మెట్లు కూడా ఉండవు,” అన్నారు. ఎవరితోనూ అన్నట్టు లేదు.

బావ చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఆ మరుసటి గురువారం రాళ్ళ మేడం రాలేదు. ఆసుపత్రిలో ఏవో పరీక్షలున్నాయని కబురు పెట్టారు. పాట మొదలైంది. ‘వెలుగు చేతికిచ్చినావు’ దాటి ‘ఎంత’ దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతులూ వాటంతటవే నెమ్మదించాయి. గేటు పడబోతోందని తెలిసిన బండి నెమ్మదించినట్టు. అందరి కళ్ళూ ఎర్ర చేతిరుమాలు కోసం వెతికాయి. అది జేబులో ఉంది. బావ ఖాళీ చెయ్యి ముందుకు ఊపుతూ “పోనీ, పోనీ, పోనియ్యండి!” అంటున్నాడు.

పోయాం. ‘దూరం’ పోయాం. ‘మరిచిపోము’ దాటాం. రెండో చరణం కాగితం చూసుకుంటూ, తడుముకుంటూ, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మొత్తం పాడేశాం. పియానో ఆగింది. హాలులో గోడ గడియారం చప్పుడు ఎప్పుడూ లేనంత గట్టిగా వినిపించింది.

“అయిపోయిందా?” అన్నాడు చెవుల డాక్టరు పంపిన ఆయన.

“అయిపోయినట్టే ఉంది,” అంది కుట్టుపని ఆవిడ.

“ఇప్పుడేం చెయ్యాలి?” అన్నాడు పన్నులాయన గుసగుసగా.

“టీ తాగండి,” అన్నాడు బావ. సంతోషంగా అనలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు బస్టాపు దాకా ఇద్దరం నడిచాం.

“ఇవాళ ఆపలేదేం బావా?”

“తప్పులేవీ రాలేదు కాబట్టి.”

“పన్నులాయన రెండో పాదంలోనే పట్టాలు తప్పాడు. నేనొక వరస మొత్తం ఎగరగొట్టాను. కావాలనే ఎగరగొట్టాను.”

“నీ పియానోలో ఆ చచ్చిన మీట సంగతి చూడు ముందు.”

నాలుగడుగులు వేశాక మళ్ళీ నేనే అడిగాను. “మేడం వచ్చే వారం వస్తారు. అప్పుడూ ఇలాగే పోనిస్తావా?”

ఆయన నడక ఆపాడు. మొదటి గురువారం వరండాలోకి వెళ్ళిన ఇద్దరూ నాకు గుర్తొచ్చారు. తిరిగొచ్చాక నాకు పడిన మొదటి తిట్టూ గుర్తొచ్చింది. ఏడాదిగా పాట ఎక్కడ ఆగుతోందో నాకు తెలుసు. ఎవరి ముందు ఆగుతోందో చూడలేదు.

“ఆ ఒక్క ముక్క దగ్గర పెదవులు మాత్రం కదపమని చెప్పొచ్చుగా బావా. సభలో ఎవరికి తెలుస్తుంది?”

“నువ్వు చెప్తావా?”

నేను బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాను.

“బోర్డు రాసింది నేను,” అన్నాడు. “ఊపిరి ఉంటే చాలని రాశాను. ఇప్పుడెళ్ళి, మీకున్న ఊపిరి చాలదండీ అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

ఇంతలో మా బస్సు రావడం కనిపించింది. బావ జేబులోంచి చేతిరుమాలు తీసి ఎత్తాడు. బస్సు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, “ఇది స్టాపే సార్. ఎలాగూ ఆగుతాను,” అన్నాడు.

తర్వాతి వారాల్లో మేడం వచ్చారు, చేతిరుమాలూ వచ్చింది. పాట మళ్ళీ ‘ఎంత’ దగ్గర ఆగుతూనే ఉంది. పన్నులాయన నెత్తి కొట్టుకున్నాడు. మొన్న పోయాం కదరా అన్నాడు. మొన్నటిది గాలివాటం అన్నాడు బావ. నేను మారు మాట్లాడకుండా తిట్లు తిన్నాను. కారణం తెలిశాక తినడం ఇంకా కష్టం, ఎందుకంటే ఎదురు చెప్పే వీలు లేదు.

సమావేశం రోజు వచ్చింది. పెద్ద ఆడిటోరియం, సగం నిండింది. మా ముందు కోశాధికారి ఉపన్యాసం చాలాసేపు సాగింది. దాన్ని మాత్రం ఆపేవాడు లేకపోయాడు. మేం వేదికెక్కాం. ముందు వరుసలో రాళ్ళ మేడం బూడిదరంగు శాలువా కప్పుకుని నిలబడ్డారు. బావ మా అందరికీ ఎదురుగా, జనానికి వీపు పెట్టి నిలబడ్డాడు. జేబు మీద చెయ్యేసి తడుముకుని, చేతిరుమాలు తీయకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఈ రోజు ఆపకూడదని నిర్ణయించుకున్నాడని నాకు అర్థమైంది.

తలుపు తెరిచి పిలిచినావు. బాగుంది. వెలుగు చేతికిచ్చినావు. ఇంకా బాగుంది. బావ చూపు మేడం మీదే ఉంది. ఎంత...

ఆయన చెయ్యి ఎత్తలేదు. ముందుకు ఊపనూ లేదు. కళ్ళు మూసుకున్నాడు, అంతే.

పాతికమందిమీ ఆగిపోయాం.

ఎవరూ చెప్పలేదు. ఏడాదిగా ఆగిన గొంతులు వాటంతటవే ఆగాయి. అంతటితో అయితే బాగుండేది. నా వేళ్ళు కూడా నన్నడక్కుండా వెనక్కి వెళ్ళి పాట మొదటి స్వరాన్ని నొక్కాయి. అది వినగానే అందరూ చక్కగా, ఒక్క గొంతుతో, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు. మాకు వచ్చినంత బాగా ఆ మొదలు ఎవరికీ రాదు. బావ కళ్ళు తెరిచాడు. సిగ్నల్ ఇవ్వకుండానే ఆగి, దానంతటదే వెనక్కి వెళ్ళి మళ్ళీ బయల్దేరిన రైలును ఆయన తన సర్వీసులో చూసి ఉండడు.

రెండోసారి ‘ఎంత’ వచ్చింది. రెండోసారీ ఆగాం. మళ్ళీ మొదటి నుంచి. సభలో మొదటి వరుసలో కూర్చున్న పెద్దాయనొకరు పక్కనున్న సెక్రటరీతో, “అవునవును, మా రోజుల్లో ఇలాగే పాడేవాళ్ళం,” అనడం నాకు స్పష్టంగా వినిపించింది. పన్నులాయన మొహం ఎర్రబడింది. నా వీపంతా చెమట. మూడోసారి ‘ఎంత’ దగ్గరికి వస్తున్నాం, మళ్ళీ ఆగబోతున్నాం, ఆగుతామని మాకు తెలుసు, ఆగకుండా ఉండటం ఎలాగో మాత్రం ఎవరికీ తెలియదు.

అప్పుడు రాళ్ళ మేడం ఆగలేదు.

‘దూ’ అని ఒంటరిగా అందుకున్నారు. నలభై ఏళ్ళ కిందట వేదికలెక్కిన గొంతు ఇదేననిపించింది. అది పైకి లేచి నిలబడింది. ఎక్కువసేపు కాదు. సగంలో ఊపిరి అయిపోయింది, గొంతు తెగింది.

కానీ స్వరం తెగలేదు. అప్పటికే కంగారుపడి పన్నులాయన అందులోకి దూకేశాడు. ఆయనది బండగొంతు గానీ సమయానికి వచ్చింది. ఆయనకి ఊపిరి చాలకపోతే కుట్టుపని ఆవిడ పట్టుకుంది. ఆవిడ వదిలేలోపు వెనక వరుస వచ్చింది. ఈ సందులో మేడం మెల్లగా ఊపిరి తీసుకుని, ఏమీ జరగనట్టు మళ్ళీ వచ్చి చేరారు. ఒకరు దిగుతుంటే ఒకరు ఎక్కుతున్నారు, బండి మాత్రం పోతూనే ఉంది. ఆ ‘దూ’ రాసినదానికంటే పొడుగే అయ్యింది. ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియలేదు కాబట్టి.

బృందాలు నడిపేవాళ్ళకి ఇది మొదటిరోజే తెలిసే సంగతట. పొడుగు స్వరం వచ్చినప్పుడు అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు, వంతులేసుకోవాలి. అప్పుడు ఎవరి ఊపిరి ఎంతున్నా వినేవాళ్ళకి తేడా తెలియదు. రైళ్ళు ఆపినాయనకీ పళ్ళు పీకినవాడికీ ఇవన్నీ ఎవరు చెప్తారు?

రెండో చరణంలోనూ మూడో పాదం అదే కాబట్టి ‘దూ’ మళ్ళీ వచ్చింది. ఈసారి మేడం తనకు చాలినంత పాడి, తీరిగ్గా ఊపిరి తీసుకుని, మళ్ళీ పాడారు. పాట అయిపోయింది. సభ చప్పట్లు కొడుతుంటే మేం మాత్రం అలాగే నిలబడిపోయాం. వంగి దండం పెట్టడం మేమెప్పుడూ సాధన చేయలేదు.

దిగుతుంటే సెక్రటరీ ఎదురొచ్చాడు. “సర్, మూడుసార్లు మొదలుపెట్టారు.”

“ఒకసారి ముగించాంగా,” అన్నాడు బావ.

సెక్రటరీ ఆయన్ని చూసి, మమ్మల్ని చూసి, నవ్వాపుకుంటూ తలూపాడు. “గురువారం మీదే సర్. మేం శనివారం చూసుకుంటాం.”

టీ బల్ల దగ్గర రాళ్ళ మేడం కప్పు పట్టుకుని నా పక్కన నిలబడ్డారు.

“డాక్టరు గారూ, మీకు క్షమాపణ చెప్పుకోవాలి. ఏడాదంతా నా దగ్గు తాలూకు తిట్లు మీరు తిన్నారు.”

“మీకు తెలుసా?”

“రాళ్ళు చదివానండీ. చెవులు రాళ్ళవలేదు. మీరు తప్పు వాయించలేదని మొదటిరోజే తెలుసు. ఆ రోజు వరండాలో ఆయనతో చెప్పాను, నా ఒక్కదాని వల్ల పాట ఆగకూడదు, వచ్చే వారం నుంచి రానని. మీ వల్ల కాదండీ, మా బావమరిది తప్పు వాయించాడు అన్నారు. ఎంత గట్టిగా అన్నారంటే, కాదంటే మళ్ళీ ఆయన మొహం చూడలేననిపించింది.”

“మరి ఏడాదంతా ఊరుకున్నారు?”

“నాకు తెలిసిపోయిందంటే ఆయన ఆపడం మానేస్తారు. ఆపడం మానేస్తే నేను రావడం మానెయ్యాలి. మధ్యలో మీరు నలిగారు.”

“ఫరవాలేదండీ. నా ముందు నోరు తెరిచినవాళ్ళంతా లోపల్లోపల నన్ను తిట్టుకున్నవాళ్ళే. ఇవాళెందుకు ఆగలేదు మరి?”

ఆవిడ టీ ఒక గుక్క తాగారు. “ఆయనొక్కరే ఆపితే అది ఆయన మంచితనం అనుకుని ఊరుకున్నాను. ఇవాళ ఆయన ఆపలేదు, మీరంతా ఆగారు. ఇంతమంది నాకోసం ఆగాక ఇంకా నేను కదలకపోతే బాగుండదు కదా.”

“అది మంచితనం కాదండీ, అలవాటు,” అన్నాను.

“ఏదైతేనేం,” అన్నారు.

కాస్త దూరంలో బావ పన్నులాయనతో గొడవపడుతున్నాడు. మూడోసారి వాడు అరబీటు ముందే అందుకున్నాడట.

“అందుకోకపోతే నీ పాట అక్కడే చచ్చేదిరా!”

“నేనాపలేదు కాబట్టి బతికావు!”

ఆ తర్వాతి గురువారం నేను మామూలుగానే భుజం నొప్పితో మెట్లెక్కాను. వచ్చే వారం నుంచి రానని చెప్పడానికి ఆ సాయంత్రం మంచిదనుకున్నాను. పని పూర్తయింది, ఎవరూ ఏమనుకోరు. హాలులో కుర్చీలు వేసి ఉన్నాయి. రాళ్ళ మేడం ముందు వరుసలో కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్నారు. బావ పియానో దగ్గర వంగి, ఎర్ర చేతిరుమాలుతో ఆ చచ్చిన మీట మీది దుమ్ము తుడుస్తున్నాడు. దానివల్ల అది పలకదని ఆయనకీ తెలుసు. నన్ను చూసి చేతిరుమాలు జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

“పియానో, కూర్చో. అందరూ వినండి,” అన్నాడు. “ఇవాళ్టి నుంచి కొత్త పాట. దీన్ని చివరి నుంచి నేర్చుకుంటాం. మొదలు మనకెలాగూ వచ్చు.”